ఎడమవైపు తలుపు

(మణికొండలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారు. సాయంత్రం. పెళ్ళయి నెల తిరగని సంయుక్త, లోహిత్ కళ్ళు మూసి నడిపించుకొస్తోంది. మూలన లోహిత్, అతని అన్న కలిసి విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టిన కిట్ కారు.)

"తెరవకు, తెరవకు. ఇంకో రెండడుగులు."

"స్తంభానికి గుద్దుకుంటానే!"

"గుద్దుకోవు, నేనున్న కదా. జర ఇటు తిరుగు. ఆఁ... ఇగ తెరువు!"

"కారే కదా."

"కారే కదా అంటవేంది! ఏం మారిందో చెప్పు."

"కడిగావా?"

"కడిగిన. అది కాదు."

"బానెట్ మీద ముగ్గేమైనా వేశావా?"

"ఎహె! ఎడమ తలుపు చూడు, లోహిత్. ఇగో, తెరిచిన. ఇగో, ఒక్క వేలు. చిటికెన వేలు! టక్. పడ్డది!"

"మళ్ళీ తెరువు."

"ముచ్చట పడ్డవు కదా! ఇగో, మళ్ళ తెరిచిన. టక్. ఎత్తేది లేదు, తుంటితోని గుద్దేది లేదు. రోజూ సాయంత్రం నువ్వు దాన్ని ఎత్తి ధడేల్మని వేస్తుంటే నాకు నీ నడుము గురించే ఫికర్."

"ఎవరు చేశారు?"

"ఎవరు చేస్తరు? నీ పెండ్లాం! పొద్దున ఆఫీసుకు పోతున్న అని చెప్పిన చూడు, అబద్ధం. సెలవు పెట్టిన. కింది కీలు బోల్టులు వదులు చేసి, వెనుక రెండు వాషర్లు వేసిన. తలుపు లేచి చక్కగ కూసున్నది. సందు చూడు, సందు! మన శుభలేఖ మడిచి పైనుంచి కిందిదాకా దూర్చి చూసిన. అంతటా ఒకటే తీరు. ఈ పసుపు మరక దాని మూలదే. తుడవబుద్ధి కాలే."

"వాషర్లు ఎక్కడివి?"

"హఫీజ్‌పేటల, స్టేషన్ ముందర దుకాణం ఉన్నది చూడు, అండ్ల. ఏమైంది?"

"ఏం లేదు. బాగుంది."

"గట్లనా అంటరు బాగుందని? కనీసం ఎగురు ఒకసారి."

"బాగుందన్నాను కదా. పైకి పద."

"పోను. మొఖం గోడకు తిప్పి బాగుందంటే ఎట్ల? ఏం పాడు చేసిన, చెప్పు. ఫైబర్ పగిలిందా యాడన్న?"

"పగల్లేదు. చాలా బాగా బిగించావు. నేనైతే ఇంత బాగా..."

"మరి?"

"ఈ బాడీ అంతా నేను బిగించిందే. బానెట్టూ, మడ్‌గార్డులూ, డిక్కీ మూతా, అటువైపు తలుపూ. ఇదొక్కటే అన్నయ్య బిగించింది."

"రోహిత్ బావనా?"

"ఊఁ."

"నాకెవ్వరు చెప్పలే, లోహిత్. బావ పేరెత్తితే నువ్వు నీళ్ళు తాగొస్తా అని లేస్తవు. అత్తమ్మ ఫోటోకు దండ మారుస్తది గని నోరిప్పదు. నాకెట్ల తెలుస్తది?"

"చెప్పాల్సింది నేనే. నీ తప్పేం లేదు."

"మరి బావ అంత మంచిగ పని చేసేటోడు అంటరు కదా. ఇదెందుకు జారింది?"

"బిగించిన రోజునుంచే జారింది. కీలు వెనక ఖాళీ ఉండిపోయింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ ఎత్తి ధడేల్మని వేసేవాడు. ఒక ఆదివారం, 'ఇవాళ దీని సంగతి తేలుస్తా, వాషర్లు పట్టుకొస్తా' అని బండి తీశాడు."

"యాడికి?"

"హఫీజ్‌పేట."

"లోహిత్..."

"ఫ్లైఓవర్ మీద. ఆ తర్వాతది నీకు తెలుసు."

"ఫ్లైఓవర్ తెలుసు. వాషర్ల కోసం పోయిండని తెల్వదు! అయ్యో, నేను అదే హఫీజ్‌పేటకు పోయి నవ్వుకుంట కొన్న. దుకాణమాయనకు మా కారు చూడుండ్రి అని ఫోటో గూడ చూపించిన."

"ఊరుకో."

"తీసేస్త. స్పానర్ ఏది? రెండు బోల్టులే, ఇప్పుడే తీసేస్త. పాతలెక్కనే వేలాడనీ."

"ఆగవే, చెయ్యి నలుగుతుంది!"

"జరుగు నువ్వు!"

"సంయూ, నా బాధ తలుపు గురించి కాదు. అమ్మ గురించి."

"అత్తమ్మకేమైంది?"

"మన బాల్కనీ సరిగ్గా ఈ మూలకి పైనే. అన్నయ్య పని ముగించి ఈ తలుపు వేస్తే ఆ చప్పుడు పైకి వినిపించేది. వినగానే అమ్మ పెనం పెట్టేది. వాడు చేతులు కడుక్కొచ్చేసరికి మొదటి పెసరట్టు పళ్ళెంలో ఉండేది. వాడు పోయాక అమ్మ వంటింట్లోకే వెళ్ళలేదు. ఏం పెట్టినా తినేది కాదు. ఒకరోజు పని చూసుకుని, ఊరికే, ఈ తలుపు వేశాను. పైకి వెళ్తే పొయ్యి మీద పెనం ఉంది."

"అందుకనా రోజూ..."

"అందుకే రోజూ."

"నేను నిన్ను కారు పిచ్చోడనుకున్న."

"ఇవాళ చప్పుడు రాకపోతే అమ్మ మళ్ళీ..."

"తీస్తున్న కదా! తలుపు పట్టు. పైకెత్తు జర. ఈ బోల్టు ఎంతకీ..."

"ఆగు, ఆగు. లిఫ్టు. అమ్మే."

"ఏరా లోహితూ, పొద్దుపోయింది. ఇంకా కిందే ఉన్నారేంటి ఇద్దరూ?"

"వస్తున్నామమ్మా. ఇదిగో, తలుపు వేసి వచ్చేస్తాం."

"అమ్మాయ్, ఏడుస్తున్నావా? ఏమన్నాడు వీడు?"

"ఆయనేమనలే, అత్తమ్మా. నేనే... తలుపు మంచిగ పడాలని రెండు వాషర్లు వేసిన. తెల్వక వేసిన. ఇప్పుడే తీసేస్త."

"వాషర్లు వేశావా? వేస్తే సరిపడిందా?"

"సరిపడ్డది."

"ఏదీ, వెయ్యి చూస్తాను."

"వద్దులే అమ్మా, ఇప్పుడెందుకు..."

"వెయ్యనీరా."

"ఇగో, అత్తమ్మా. పడ్డది."

"పడిందా? ఇంత దగ్గర నిలబడ్డా నాకు వినిపించనే లేదు."

"రేపటికి పాతలా పెట్టేస్తానమ్మా. రేపు వినిపిస్తుంది. నువ్వెళ్ళి పెనం పెట్టు, మేమొస్తాం."

"వద్దురా."

"ఏం వద్దు?"

"ఆ చప్పుడు. అది వినగానే పెద్దాడొస్తున్నాడని చేతులు వాటంతటవే పెనం పెట్టేసేవి. గుమ్మంలోకి చూస్తే నువ్వుండేవాడివి. రోజూ. నిన్ను చూసి మొహం మాడ్చుకుంటే నువ్వేమైపోతావని అట్టు తిరగేస్తూ అటు తిరిగేదాన్ని."

"నువ్వు తింటావనే నేను..."

"తెలుసు నాన్నా. సంయుక్తా, ఆ స్పానర్ కింద పెట్టమ్మా. తలుపు అలాగే ఉండనీ."

"మరి ఇయ్యాల చప్పుడే రాకపాయె కదా. పరేషాన్ కాలేదా, అత్తమ్మా?"

"లేదమ్మా. చీకటి పడేదాకా బాల్కనీలోనే కూర్చున్నాను. తలుపు పడలేదు. పెద్దాడికింకా కింద పని అవలేదనుకున్నాను."