మాటల్లేని గట్టు

గుమ్మడి చేల మధ్య, పొదలు కమ్ముకున్న వెడల్పాటి గట్టు. చేను గల ముసలాయన. ఆయన కాయలు కొనే కంపెనీ నుంచి వచ్చిన ఒకమ్మాయి.

“అంచేత ఈ గట్టు మీద పిట్ట వాలాలన్నా నన్నడిగే వాలుతుంది. ఇక్కడున్న ప్రతి చెట్టూ, ప్రతి పొదా ఈ చేతులతో నాటి, కడవతో నీళ్లు మోసి పెంచాను. రాసుకో.”

“రాసుకుంటా గానీ తాతగారూ, ఈ ముళ్లకంప కూడా మీరే నాటారా?”

“అన్నిటికంటే ముందు నాటింది అదే.”

“ఆ పుచ్చిపోయిన మోడు?”

“అది మోడుగానే నాటాను.”

“తాతగారూ.”

“సరేలే, నాటలేదు. ఒక్కటీ నాటలేదు. పిట్టలు ఎక్కడో తినొచ్చి ఇక్కడ రెట్ట వేస్తే మొలిచాయి. నేను చేసిందల్లా అడ్డం రాకపోవడం. అది మాత్రం చాలా శ్రద్ధగా చేశాను.”

“మా కంపెనీ చెప్పేదీ అదే. చేనులో జీవవైవిధ్యం ఉండాలి.”

“ఏముండాలి?”

“అంటే పురుగూ పుట్రా, పిట్టలూ, తేనెటీగలూ అన్నీ పంటతో కలిసి బతకాలి. అలాంటి చేలకి మేం పచ్చముద్ర వేస్తాం. ఇకమీదట ముద్ర ఉన్న చేలో కాయలే కొంటాం. అందుకే ఈ గట్టుని జీవవైవిధ్య పట్టీగా మార్చబోతున్నాం.”

“మార్చడం దేనికి? ఇప్పుడేం వచ్చింది దీనికి?”

“ఇప్పుడిది ఉత్త తుప్పలు కదా. మిషను పెట్టి మొత్తం చదును చేస్తాం. తరవాత మేమిచ్చే పూలవిత్తనాలు వరసగా నాటుతారు. పురుగులకి ఒక హోటలు కూడా ఇస్తాం.”

“హోటలా?”

“చెక్కపెట్టె తాతగారూ. బెజ్జాలుంటాయి. తుమ్మెదలు అందులో కాపురం పెట్టుకుంటాయి.”

“ఆ మోడులో కాపురం ఉన్నవాటిని వెళ్లగొట్టి?”

“అవే... అవే మళ్లీ వస్తాయి, పెట్టెలోకి.”

“వస్తాయి, వస్తాయి. మా నల్ల తుమ్మెదలకి మర్యాద ఎక్కువ. సొంతిల్లు కూలగొట్టి హోటలుకి పిలిస్తే కాదనవు.”

“వెటకారం చెయ్యకండి. ఇది నేను గీసిన ప్లాను కాదు.”

“నిన్నెవరన్నారు తల్లీ. చెప్పు, ఇంకేం కావాలి?”

“ఒక్కటే చిక్కు. గట్టు సగం మీది, సగం అవతలి చేనున్న మీ తమ్ముడుగారిది. ఇద్దరూ ఒప్పుకోవాలి. మీ అబ్బాయి ఎప్పుడో సరే అన్నాడు.”

“వాడనకేం. గట్టు దున్ని నాలుగు పాదులు ఎక్కువ వేసుకుందామని వాడికీ, మా తమ్ముడి కొడుక్కీ ఎప్పట్నించో దురద. మీరు పూలు నాటించినా వాళ్లు ఎన్నాళ్లుంచుతారు? ఒకసారి చదునైతే చాలు వాళ్లకి. కానీ చేలు మా పేరన ఉన్నాయి. మేమిద్దరం కూచుని సరిహద్దు రాయి ఎక్కడో తేలిస్తే గానీ మిషను దిగదు. మేం కూచోం.”

“ఏం?”

“మాకు మాటల్లేవు.”

“ఎప్పట్నించి?”

“మా వాడు ట్రాక్టరు కొన్న ఏడు నుంచి.”

“అంతగా ఏం జరిగింది?”

“ఆ రాయిని రోజుకో జానెడు నా వైపుకి జరిపాడు. ఓ పొద్దున లేచి చూస్తే సరిహద్దు రాయి మా వంటింట్లో ఉంది.”

“తాతగారూ.”

“వంటింట్లో కాదులే. చేలోనే. ఏమిట్రా అంటే పారెత్తి వీపు మీద ఒక్కటిచ్చాడు.”

“ఆయన మీరే కొట్టారన్నారే?”

“వాణ్ని కలిశావా?”

“నిన్ననే. మీ పేరెత్తగానే ఉమ్మేశారు.”

“గట్టిగా ఉమ్మాడా?”

“గట్టిగానే.”

“పరవాలేదు, వాడూ మాట మీద నిలబడే మనిషే.”

“సాయంత్రం ఇద్దర్నీ ఒకచోట కూచోబెడతాను. మీ పిల్లల్నీ రమ్మంటాను. ఈ వయసులో అన్నదమ్ములు కలిస్తే ఎంత బాగుంటుంది.”

“వద్దు.”

“నేను మాట్లాడతాగా...”

“వద్దంటున్నానా. కూచో. ఆ రాయి మీద కాదు, దాని కింద తేలుంది. ఇటు కూచో. మేం మాటలు మానేసిన దగ్గర్నించి ఈ గట్టు మీద ఎవరూ కత్తి వెయ్యలేదు. కంప పెరిగింది. కంపలోకి ముంగిస వచ్చింది. మోడు తొర్రలోకి గుడ్లగూబ దిగింది. అది ఒకసారి తల తిప్పి చూస్తే ఎలకలు పిల్లాపాపల్ని వెంటేసుకుని మీ కంపెనీ గోడౌనుకి వలస పోతాయి.”

“మా గోడౌన్లో ఎలకలు నిజంగానే ఉన్నాయి.”

“మావే అవి. బాగా చూసుకోండి. ఇంకో సంగతి. చుట్టుపక్కల చేలవాళ్లు తెల్లారగానే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి చేత్తో అద్దుకుంటూ తిరుగుతున్నారు, చూశావా?”

“చూశాను. లేకపోతే పిందె నిలవడం లేదట.”

“మా రెండు చేలల్లో ఎవరైనా అద్దుతున్నారా?”

“లేదు.”

“తుమ్మెదలే చూసుకుంటాయి. ఇప్పుడు నువ్వొచ్చి మా ఇద్దరికీ రాజీ చేస్తావు. చేసి ఈ కాపురాలన్నీ ఎత్తించేస్తావు. నీకిది పుణ్యమా చెప్పు.”

“మరి నన్నేం చెయ్యమంటారు? ముద్ర లేకపోతే మీ కాయలు కొనరు. మీ తమ్ముడుగారివీ కొనరు.”

“నీ చేతిలో ఉన్న ఆ పుస్తకంలో ఇంకే దారీ లేదా?”

“ఉండండి... ఉంది. ‘తగాదాలో ఉన్న స్థలాన్ని ముట్టుకోరాదు. ఉన్నది ఉన్నట్టుగా పట్టీ కింద లెక్క వేయవచ్చు.’”

“ఎవరు రాశారో గానీ చల్లగా ఉండాలి.”

“కానీ తగాదా గట్టిదై ఉండాలి. రాజీ పడే ఆశ ఉంటే కుదరదు.”

“ఏ ఆశా లేదు. ఈ జన్మలో వాడి మొహం చూడను. అలాగే రాయి.”

“రాశాను. గట్టు జోలికి ఇక కంపెనీ రాదు. మీ ఇద్దరి అబ్బాయిలూ రాలేరు. వస్తే ముద్ర పోతుంది, కాయలు చేలోనే కుళ్లుతాయి.”

“చల్లని మాట చెప్పావు తల్లీ. సంతకం పెట్టేశావా?”

“పెట్టేశాను. ఇప్పుడు నాతో నిజం చెప్పండి. ఇందాకట్నించి మీరు చెప్పినవాటిలో ఏది కోత? ముంగిసా?”

“ముంగిస ఉంది.”

“గుడ్లగూబ?”

“తొర్రలోకి చూడు, నిన్నే చూస్తోంది.”

“తేలు?”

“రాయెత్తి చూడు, ధైర్యముంటే.”

“మరి?”

“తగాదా ఒక్కటేనమ్మా నేను కల్పించింది. అదీ నా ఒక్కడి తెలివి కాదు, సగం మా తమ్ముడిది.”