సీలు వేసిన ఆరు రాడ్లు

రామచంద్రపురం, 1999. నీళ్ళు కాచుకునే కరెంటు రాడ్లు తయారుచేసే అచ్చిబాబు షెడ్డు. ఐఎస్ఐ మార్కు కోసం శాంపిల్స్ తీసుకోడానికి వచ్చిన ఆఫీసరుని బస్సెక్కించి అచ్చిబాబు ఇప్పుడే తిరిగొచ్చాడు. ఎదురుగా పాత ఫిట్టరు వీరబ్రహ్మం.

“...మూడుసార్లు వడ్డించుకున్నాడయ్యా కొరమీను పులుసు! మూడుసార్లు! వాడా మన రాడ్లకి పరీక్ష పెట్టేది?”

“ఆయ్. భోజనం బాగుందన్నారండి.”

“బాగోక చస్తుందా? చేపముల్లు చూసినంత శ్రద్ధగా రాడ్డుని చూళ్ళేదు. బల్లమీది గుట్టలోంచి ఆరు తీశాడు, గుడ్డలో చుట్టాడు, లక్క సీలు కొట్టాడు. ఐపోయింది. దీనికోసమా నేను ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది!”

“ల్యాబులో చూస్తారు కదండి.”

“చూసుకోనీ! బల్లమీద పెట్టమన్నది మంచివేగా. తీగ చుట్టూ కరెంటు బయటికి రాకుండా ఆపే బొంబాయి పొడి కూరిన పాతికా. నీ చేత్తోనే కూరావు.”

“నేనే కూరానండి.”

“మరింకేం? మామూలువన్నీ గోనెసంచుల కింద తొంగున్నాయి. మార్కు చేతికొచ్చాక మళ్ళీ మన ముగ్గుపిండి కలిపిన పొడే. పైకి రెండూ ఒకటే, కోసి చూసేదెవడు?”

“ముగ్గుపిండి చెమ్మ పడుతుందండి. చెమ్మ పట్టిందంటే కరెంటు గొట్టంలోకి...”

“మొదలెట్టావూ!”

“కాదండి, అసలీ మార్కు ఎందుకని? రాజమండ్రి ఏజెంటు ఇంకేదో సర్టిఫికెట్టు ఇప్పిస్తానన్నాడుగా?”

“ఆ దేభ్యం మొహమా! ఫ్రేము కట్టి మరీ ఇస్తాట్ట. తీరా చూస్తే అది ఆఫీసు నడిపే పద్ధతికంట, రాడ్డుకి కాదంట! గోడకి తగిలించుకుని హారతివ్వాలి. ఇంకోడొచ్చి రెండు ఇంగ్లీషక్షరాలు చెప్పాడు. ఫారిన్ మార్కంట, మనమే అచ్చేసుకోవచ్చంట. అది నాకు నచ్చింది.”

“మరి అదే...”

“ఆ జంగారెడ్డిగూడెం షాపోడు ఒప్పుకుంటేగా! సత్యప్రసాద్! ‘ఐఎస్ఐ లేకపోతే సరుకు దింపనండి’ అంటాడు. కిందటేడుదాకా ఇవే రాడ్లు ఎగబడి పట్టుకెళ్ళినోడు! ఇవాళ నీతులు.”

“చిట్టెమ్మ సంగతి విన్నారంటండి ఆయన.”

“ఏ చిట్టెమ్మ?”

“మన వీధి చివర చేపలమ్మేదండి.”

“ఓ... అదా. బాగానే ఉందిగా.”

“కుడిచెయ్యి ఇప్పటికీ పైకి లేవట్లేదండి. తట్ట నెత్తికెత్తుకోలేదు. మన రాడ్డే కదండి.”

“మన రాడ్డు! మన రాడ్డు! స్విచ్చి వేసుండగా బిందెలో వేలు పెట్టిందది. ఎవరు పెట్టమన్నారు?”

“మన వైపు పెట్టనోళ్ళెవరండి? నీళ్ళు కాగాయో లేదో వేలు ముంచే చూస్తారు. మా అమ్మా అంతే, మీ అమ్మగారూ అంతే. కట్టెల పొయ్యి నాటి అలవాటు.”

“అదే నేననేది! పొయ్యి బుద్ధులు పెట్టుకుని కరెంటు కావాలి వీళ్ళకి! ఇలాంటి జనానికి మార్కులూ, ల్యాబులూ! చెప్పులేసుకుని ముట్టుకోండని అట్టపెట్టె మీద అచ్చేయించానా లేదా?”

“ఆవిడకి చదువు రాదండి. చెప్పులూ లేవు.”

“అయితే నన్ను కొనిపెట్టమంటావా? ఏంటా మూతి? ఏంటా చూపు?”

“ఏం లేదండి.”

“ఏం లేకపోతే ఆ రిజిస్టరు ఇలా తే. మార్కొచ్చాక ప్రతి రాడ్డూ పరీక్ష చేశామని అందులో రాయాలంట. నెలకి సరిపడా సంతకాలు ఇప్పుడే పెట్టేసెయ్.”

“చెయ్యని పరీక్షలకాండి?”

“కింద పేరు చూడు. టెస్టింగ్ ఇన్‌చార్జ్, వీరబ్రహ్మం! నీ జన్మలో ఎవరైనా నిన్ను ఇన్‌చార్జ్ అన్నారా?”

“అనలేదండి.”

“మరి పెట్టు.”

“సంతకం నాదండి. రేపెవరైనా పోతే నేనే చంపినట్టు.”

“అబ్బో! ఎవరూ పోరులే. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ఊరికే హడావిడి.”

“...అమ్మగారు నిన్న షెడ్డుకొచ్చారండి.”

“మా ఆవిడా? దేనికి?”

“మీ అమ్మాయి సాయిదుర్గమ్మగారిని పసిబిడ్డతో కడియం అత్తారింటికి పంపించారు కదండి. సారెలో పెట్టడానికి రాడ్డొకటి అడిగారు. బిడ్డకి నీళ్ళు కాచుకోడానికి. మన కంపెనీదేనని వియ్యపురాలికి చూపించుకోవాలని సరదా పడ్డారు.”

“ఇచ్చావా?”

“ఇచ్చానండి.”

“ఎందులోంచి?”

“పైకి రెండూ ఒకటే కదండి.”

“వీరబ్రహ్మం! ఎందులోంచి? బల్లమీదిదా, గోనె కిందదా?”

“గోనె కిందదండి.”

“ఓరి నీ... చంపావు కదరా! ఫోను! కడియం నంబరేది? ఇందులోనే రాశాను, ఇందులోనే... ఆ, ఇదిగో.”

“ఎందుకండి కంగారు? చీమ కుట్టినట్టే కదండి.”

“నోర్ముయ్! పసిగుడ్డయ్యా! పైగా మా అమ్మాయి వేలు పెట్టి చూస్తుంది. తప్పకుండా పెడుతుంది, వాళ్ళమ్మ నేర్పిన బుద్ధే... హలో! హలో! ఛ, ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్!”

“సత్యప్రసాద్ గారి షాపులోనూ పసిబిడ్డల తల్లులు కొంటారండి.”

“వాళ్ళ సంగతి ఎవడికి కావాలి! స్కూటరు తియ్యి. పద, కడియం పద! తస్సాదియ్యా, అది ప్రాణం తీసే రాడ్డురా!”

“తీస్తుందని మీకు తెలుసాండి?”

“తెలుసు! ముందునుంచీ తెలుసు! చాలా? లే!”

“మీరు కూర్చోండి. కాసిని మంచినీళ్ళు తాగండి. అమ్మాయిగారికి ఏమీ కాదు.”

“ఏమీ కాదంటావేంటి! గోనె కిందదన్నావుగా!”

“ఆయ్, గోనె కిందదే. మొన్ననే గుట్టలు మార్చేశానండి. మంచివి పాతికా గోనె కిందికెళ్ళాయి. ఆఫీసరుగారు సీలేసి ల్యాబుకి పట్టుకెళ్ళినవి ఆరూ, మీరు చిట్టెమ్మకి అమ్మినదానిలాంటివేనండి.”