కంచె దగ్గర చిక్కుముడి

కేబుల్ కూడా తెచ్చుకున్నావా! ఇంకేం, పోలీసు కుక్కని కూడా వెంటబెట్టుకు రాలేకపోయావా ఊర్మిళమ్మా? వారం కిందటే నా వాచీ గీసిన కొండదారి ఫైలు పంపాను కదా. ఈ గురుమూర్తి పంపిన ఫైలు చాలదు, గురుమూర్తి చేతివాచీలోంచి మళ్ళీ లాగి చూడాలి! డెబ్భై మూడేళ్ళ మనిషికి ఇదేనా మర్యాద?

పెట్టు, పెట్టు. నాకేం భయం? మా అమ్మాయి మృదుల డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. టీపొడి ఆ ప్రెస్సులో, అదే, అలమారలో ఉంది, నువ్వే పెట్టుకో. ముద్దాయి టీ పెట్టడు.

ఏమందీ, ముందుగా దారి చూడబోయిన ఆ జెస్సికా? మళ్ళీ చెప్పు. నా ట్రాక్ తన ఫోన్లోకి ఇంపోర్ట్ చేసుకుని నడిస్తే, కంచె దాటిన కాసేపటికే మోకాలిదాకా ఊబిలో దిగిపోయిందా? బూటు అక్కడే వదిలేసి వచ్చిందా? అయ్యో పాపం! ఐర్లండులో పుట్టిన పిల్లకి ఐర్లండు బురద తెలియకపోతే నేనేం చెయ్యను? నేను వెళ్ళిన రోజు అక్కడ నేల సిమెంటు. పరిగెత్తాను తెలుసా? నవ్వకు. గొర్రెలు మేత మానేసి నన్నే చూశాయి.

ఆఁ, శనివారం ముప్పై మంది వస్తారు, చంటిపిల్లల్ని ఎత్తుకుని కూడా వస్తారు. నాకు తెలియదా? లిమరిక్‌లో ఉన్న తెలుగువాళ్ళంతా నా గీత పట్టుకునే నడుస్తారు. గ్రూపులో 'గురుమూర్తి బాట' అని పేరు పెట్టింది నువ్వే కదా! గోదావరి వాడి పేరు గాల్టీ కొండలకెక్కింది. ఇప్పుడు దాన్ని కిందికి దించుదామనా?

నేనెవర్ననుకున్నావ్? ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖ. నా గొలుసు తగలని గట్టు లేదు మా జిల్లాలో. నేను రాయి పాతితే, వరదొచ్చినా రాయి కదల్లేదు. వరదే పక్కకి తిరిగి పోయింది.

నా కింద నరసింహ అని కుర్ర సర్వేయరుండేవాడు. ఓ రోజు పొలంలోకి దిగకుండా, రైతు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ కొలతల పుస్తకం నింపేశాడు. ఎలా పట్టుకున్నానంటావ్? అంకెలన్నీ సున్నాతోనో ఐదుతోనో ఆగాయి. భూమి అంత బుద్ధిగా ఉంటుందా? "నడిచినవాడి గీత వణుకుతుందిరా. కూర్చున్నవాడి గీతే వణకదు" అన్నాను. రోహిణీకార్తె ఎండలో మొత్తం మళ్ళీ కొలిపించాను. కాళ్ళు బొబ్బలెక్కి ఏడ్చాడు. వదల్లేదు. అలాంటి నా దగ్గరికి నువ్వు కేబుల్ తెస్తావా?

అదిగో, ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. ఎర్ర గీత వాచీలోది, నీలం గీత నేను పంపింది. అంతేగా? చూడు, కార్లు ఆపేచోటు నుంచి రెండూ ఒకదాని మీద ఒకటి. ఫారెస్టు గేటు, వాగు, రాళ్ళ గోడ... ఒక్క అడుగు తేడా ఉందా? చెప్పు!

ఏంటీ, కంచె దగ్గర ఆ పిచ్చిగీతలేంటనా?

ఎద్దు! చెప్పలేదూ? నల్లటి ఎద్దు, లారీ అంత ఉంది. కొమ్ములు పట్టుకుని నలభై నిమిషాలు అటు తిప్పాను, ఇటు తిప్పాను. చివరికి అదే దణ్ణం పెట్టి పోయింది.

గొర్రెలు తప్ప ఏమీ ఉండవా అక్కడ? సరే, ఉపగ్రహాలకి పిచ్చెక్కింది. చలి కదా, వాటికీ జలుబు చేసి ఉంటుంది.

ఎర్ర గీత అక్కడి నుంచి వెనక్కి తిరిగింది అంటావ్. తిరగనీ. గొడుగు మర్చిపోతే మనిషి వెనక్కి తిరగడా?

ఏంటలా వేలు పెట్టి చూపిస్తున్నావ్... నీలం గీతలో కంచె అవతల చుక్కలకి టైము లేదా? ఇవతల ప్రతి చుక్కకీ గంట, నిమిషం, సెకను ఉన్నాయా? అవతల ఒక్కదానికీ లేదా? గీత కూడా...

ఆఁ. నాకూ కనిపిస్తోందిలే. వణకలేదు.

టీ చల్లారిపోయింది నీది.

ఎద్దు లేదమ్మా. మనిషి ఒకేచోట నిలబడిపోతే వాచీ అలాగే కెలుకుతుంది. నలభై రెండు నిమిషాలు నిలబడ్డాను. కంచె మీదుగా దాటడానికి చెక్క మెట్లు, మూడంటే మూడు. ఎడంకాలు ఎక్కింది. కుడికాలు పైనుంచి అవతలికి వెయ్యాలి. మోకాలు వంగనంది. దిగాను. మళ్ళీ ఎక్కాను. ఎన్నిసార్లో ఆ చిక్కుముడినే అడుగు. ఒకావిడ కుక్కతో వచ్చి, బాగున్నారా అని పలకరించింది. "గ్రాండ్, గ్రాండ్" అన్నాను, ఇక్కడివాళ్ళు బ్రహ్మాండం అన్నట్టు, కొండల అందం చూస్తున్నట్టు మొహం పెట్టి. ఆవిడ దాటింది. కుక్క ఒక్క గెంతు గెంతింది.

ఇంటికొచ్చి, ఇదే బల్ల మీద, మిగతా నాలుగు కిలోమీటర్లూ మౌసుతో గీశాను. మ్యాపులో అక్కడ అంతా తెల్లగా, చదునుగా ఉంది. ఎక్స్‌పోర్ట్ నొక్కి నీకు పంపాను. నరసింహది కనీసం గట్టి అరుగు. నాది మెత్తటి కుర్చీ.

అలా జాలిగా చూడకు. జాలి అక్కర్లేదు నాకు! ల్యాప్‌టాప్ ఇటు తిప్పు. నీలం గీత తుడిచెయ్యాలి. నువ్వు కాదు, నేనే నొక్కుతాను. గీసినవాడే తుడవాలి.

పోయింది. చంటిపిల్లల తల్లులకి ఊబి తప్పింది. కంచె అవతల దారి ఆ జెస్సికాని నడవమని, తన ఫోన్లోంచి తీసుకో. ఇవతలది నాదే ఉంచు. పేరు మార్చుకుంటావా, మార్చుకో. 'గురుమూర్తి సగం బాట' అని పెట్టు. సగమైతేనేం, నడిచిన సగం!

ఆగాగు, ఆ చిక్కుముడి సాఫు చెయ్యబోకు. అలాగే ఉండనీ. ఆ కొండ మొత్తం మీద నేను నిజంగా యుద్ధం చేసింది అక్కడే.

శనివారం నేనూ వస్తాను. ఎవరాపుతారో చూస్తాను. ఆ మెట్ల పక్కన నిలబడి ముప్పై మందికీ చెయ్యందించి దాటిస్తాను, చంటిపిల్లలతో సహా. మీరు పైకి పోండి, నేను అక్కడే ఉంటాను.

మీరేం రారా అంకుల్ అని ఎవరైనా అడిగితే ఎద్దు సంగతే చెబుతాను. అప్పుడు మాత్రం నువ్వు నోరు విప్పావో, ఊరుకోను.