ఉన్న చేతికి వాచీ

వాచీయా? ఎవరికి, మీ నాన్నకా? రిటైర్మెంటుకా? ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. అంత దగ్గరగా కాదమ్మా, ముక్కుకి ఆనిస్తే ఏం కనపడుతుంది, కొంచెం దూరంగా పట్టుకో. ఆఁ, బాగుంది. ఇదీ బాగుంది. అన్నీ బాగానే ఉంటాయి, బాగాలేకపోతే అంత రేటు ఎందుకు పెడతారు? కానీ నువ్వడిగే పద్ధతే నాకు నచ్చలేదు. "చిన్నతాతా, ఏది బాగుంది?" అంటావేంటి? చూడ్డానికి బాగుండాలా, మీ నాన్న పెట్టుకోడానికి బాగుండాలా? రెండూ ఒకటే అనుకుంటున్నావు నువ్వు. వాచీ కొనడం మా అక్కని చూసి నేర్చుకోవాలి. నువ్వు చూళ్ళేదు కదూ అక్కని? అవున్లే, నువ్వు పుట్టడానికి రెండేళ్ళ ముందే పోయింది. మీ ఇంట్లో ఆవిడ గురించి ఏం చెప్పారో నాకు తెలుసు. "పాపం, తమ్ముడి కోసమే బతికింది" అని ఉంటారు. అన్నారా లేదా? చూశావా. ఫోను పక్కన పెట్టు. అసలు సంగతి నేను చెప్తాను.

అక్కని అందరూ కాజాలక్క అనేవాళ్ళు. పెద్ద బజార్లో టైలరింగ్ షాపు ఉండేది, నాలుగు మిషన్లు, నలుగురు మగాళ్ళు, ఒక మాస్టరు. వాళ్ళు కుట్టిన చొక్కాలన్నిటికీ కాజాలు అక్క కుట్టేది, చేత్తో. గుండీ ఊడిపోవాలి తప్ప అక్క కుట్టిన కాజా చిరగదు. ఆ మాస్టరు ఎవరిమీదైనా అరిచేవాడు కానీ అక్క జోలికి వచ్చేవాడు కాదు. ఒకసారి వచ్చాడట. "ఇంత నెమ్మదిగా కుడితే ఎలాగ?" అన్నాడట. అక్క సూది అతని చేతిలో పెట్టి, "ఎంత తొందరగా కుట్టాలో కుట్టి చూపించండి, నేర్చుకుంటాను" అందట. అంతే, మళ్ళీ అడగలేదు. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదక్కా అంటే "తీరిక దొరకలేదురా" అనేది, ఏదో కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినట్టు. మీ తాత, అంటే మా పెద్దన్నయ్య, అప్పటికే వేరే ఇంట్లో ఉన్నాడు, ఆఫీసులో మంచి ఉద్యోగం. నేనూ అక్కా రెండు గదుల రేకుల ఇంట్లో. నేను ప్రింటింగ్ ప్రెస్సులో, బైండింగ్ సెక్షన్లో పని. కాగితాలు కోసే మిషను నాదే.

ఇదిగో, ఈ చెయ్యి తీసుకున్నది ఆ మిషనే. చూడు, ఫర్వాలేదు, చూడు. చిన్నప్పుడు నువ్వు దీన్ని చూసి మంచం కిందికి దూరేదానివి. మణికట్టుకి బెత్తెడు పైన, చక్కగా కోసేసింది, బ్లేడు పదును నేనే పెట్టుకున్నాను కదా! నవ్వు, నవ్వొచ్చు. అప్పట్లో మాత్రం నవ్వు రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నాకు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. నెలలు పడుకున్నాను. అక్క నా చొక్కాల గుండీలన్నీ పీకేసి, ఒంటిచేత్తో పెట్టుకోవచ్చని ప్రెస్ బటన్లు కుట్టింది. ఇవి చంటిపిల్లల చొక్కాలంటూ విసిరికొట్టాను. అక్క తీసి దులిపి, "అంత గట్టిగా కొట్టినా ఒక్కటీ ఊడలేదు చూడు" అని మళ్ళీ కొక్కేనికి తగిలించింది. ఏం మనిషో!

చుట్టాలు వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు ఊరికే రారు, ఏదో ఒకటి పట్టుకొస్తారు. పాత చొక్కా, పాత దుప్పటి, మూత సరిగా పట్టని ఫ్లాస్కు. పారెయ్యడానికి మనసొప్పనివన్నీ మా ఇంటికే. మీ తాత ఒక స్వెట్టరు తెచ్చాడు. మోచేతుల దగ్గర దారాలు లేచిపోయి ఉంది, పైగా ఎడమచెయ్యి సగానికి మడిచి కుట్టించుకొచ్చాడు. ప్రేమతోనే తెచ్చాడు, కాదనను. అక్క ఆ స్వెట్టరుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అన్నయ్యా, వీడింకా ఎన్నేళ్ళు బతుకుతాడనుకుంటున్నావు?" అంది. "అదేం మాటే!" అన్నాడు మీ తాత. "నలభై ఏళ్ళు బతుకుతాడు. ఈ స్వెట్టరు ఈ చలికాలం దాటదు. ఇంతమంది వచ్చారు, ఇన్ని తెచ్చారు, వీడికంటే ఎక్కువ రోజులుండే వస్తువు ఒక్కటి తెచ్చారా ఎవరైనా? వీడి పని అయిపోయిందని మీరందరూ లోపల అనేసుకున్నారు. అందుకే ఇవి తెస్తున్నారు" అంది. మీ తాత మొహం ఎర్రబడింది. "అయితే నువ్వేం ఇస్తావో ఇవ్వు" అన్నాడు. "వాచీ ఇస్తాను. ఆ నాలుగు రోడ్ల దగ్గర అద్దాల షాపులో, అన్నిటికంటే మంచిది" అంది. నేను గోడవైపు తిరిగే ఉన్నాను, అంతా వింటున్నాను. వాచీ ఎడమచేతికి పెట్టుకునేది కదా! నా ఒళ్ళు మండిపోయింది. నాకే కాదు, మీ తాతకీ మండింది. "బుద్ధుందా నీకు? ఆ డబ్బుతో ఏదైనా చిన్న కొట్టు పెట్టించొచ్చు కదా" అన్నాడు. నిజమే, తెలివైన మాటే. శ్లాబు వేయిద్దామని పదకొండేళ్ళు దాచిన డబ్బు మరి! అక్క ఏమందో తెలుసా? "కొట్టు పెట్టిస్తే కొట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చున్నా కొట్లో కూర్చున్నా కూర్చోడమేగా" అంది.

మర్నాడు పొద్దున్నే నన్ను లాక్కుపోయింది. నిజంగా లాక్కుపోయింది, చొక్కా కాలరు పట్టుకుని. ఆ షాపు నువ్వు చూడలేదు, ఇప్పుడక్కడ బ్యాంకుంది. తలుపు తీస్తే చప్పుడు రాదు, లోపల చల్లగా, నేలమీద మన మొహం కనిపిస్తుంది. నేను ఖాళీ చొక్కాచెయ్యి జేబులో దోపుకుని ఒక స్తంభం చాటున నిలబడ్డాను. సేల్స్‌మన్ టై కట్టుకుని ఉన్నాడు, సన్నగా, మాట కూడా సన్నమే. "చెప్పండమ్మా, ఏ రేటులో చూపించమంటారు?" అన్నాడు, అక్క చెప్పులకేసి చూస్తూ. "రేటు తర్వాత. ముందు వస్తువు చూపించు" అంది. మఖ్మల్ ట్రేలో నాలుగు పెట్టాడు. "సారుకేనా? సారూ, ఒకసారి మీ చెయ్యి..." అని నా వైపు చూశాడు. జేబులో దోపిన చొక్కాచెయ్యి చూశాడు. ఆగిపోయాడు. అతను గొంతు సవరించుకుని, అక్క చెవిలో చెప్తున్నట్టు, "అమ్మా... మరి... ఏ చేతికి?" అన్నాడు. అక్క గొంతు తగ్గించలేదు. "ఉన్న చేతికి" అంది.

ఉన్న చేతికి! షాపులో అందరికీ వినపడింది. నేను తలుపు వైపు నడిచాను. "ఒరేయ్, ఆగు. నువ్వు బయటికి పోతే నీ కొలత ఎవడిస్తాడు?" అని అరిచింది. ఆ నిశ్శబ్దంలో ఆ అరుపు! ఆగక ఏం చేస్తాను? అప్పుడు చేసింది చూడు అసలు పని. సంచిలోంచి కొలతల టేపు తీసింది. తన ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, ఆ టేపు నడుం చుట్టూ తిప్పి, సేల్స్‌మన్‌తో "బాబూ, కొంచెం ముడి వెయ్యి, గట్టిగా" అంది. అతను బిత్తరపోయి వేశాడు. "ఇప్పుడు ఒక్కొక్కటీ నా కుడిచేతి ముందు పెట్టు. తోడు పట్టకు" అంది. నీకు అర్థమైందా? కుడిచేతికి వాచీని కుడిచేత్తోనే పెట్టుకోవాలి. ఎప్పుడైనా చేసి చూశావా? తోలు బెల్టుదైతే కుదరనే కుదరదు. అక్క దాన్ని బల్లకేసి నొక్కింది, కడుపుకేసి నొక్కింది, చివరికి పళ్ళతో పట్టుకుంది. "అమ్మా, అమ్మా! పళ్ళగాట్లు పడతాయి, అది మొసలితోలు!" అని సేల్స్‌మన్ లబోదిబోమన్నాడు. "మొసలే ఏమీ అనట్లేదు, నీకేంటి?" అంది. ఇంకోటి స్టీలు చైనుది, బాగానే దూరింది, కానీ రోజూ కీ తిప్పాలట. "వీడు ఏ చేత్తో తిప్పుతాడు? తీసెయ్యి." ఇంకోటి అంచులు కోసుకుంటున్నాయి. తీసెయ్యి. ఇంకోటి అంకెలు చీమల్లా ఉన్నాయి. తీసెయ్యి. అద్దాల గదిలోంచి ఓనరు బయటికొచ్చాడు. అతను మర్యాదస్తుడే పాపం. "అమ్మా, ఎందుకింత శ్రమ? మీకు నచ్చింది తీసుకోండి, ఇంట్లో ఎవరో ఒకరు తొడుగుతారుగా" అన్నాడు. అక్క తలెత్తి చూసింది. చెయ్యి వెనక్కి కట్టేసి ఉంది, జుట్టు రేగిపోయింది, మొహమంతా చెమట. "తొడిగే మనిషి లేని రోజు కూడా వీడికి టైము తెలియాలి కదండీ" అంది.

ఓనరు లోపలికెళ్ళి తనే ఒక పెట్టె తెచ్చాడు. స్టీలుది, మడతపెట్టే చైను, తెల్లటి మొహం, లావుపాటి అంకెలు. దానికి కీ తిప్పక్కర్లేదు, చెయ్యి ఆడుతుంటే దానంతటదే తిరుగుతుంది. అక్క అందులోకి చెయ్యి దూర్చింది, చైను వేలాడుతోంది, బల్ల అంచుకేసి నొక్కింది. పడలేదు. మళ్ళీ నొక్కింది. పడలేదు. సేల్స్‌మన్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు, టై పట్టుకుని. ఎన్నోసారో గానీ 'టక్' మంది. పడింది! మళ్ళీ పంటితో తీసింది, మళ్ళీ వేసింది, టక్. ఐదుసార్లు చేసింది. అప్పుడు కట్టు విప్పించుకుని, నన్ను పిలిచి, "నువ్వు చెయ్యి" అంది. చేశాను. చెయ్యకపోతే అక్కడే గొడవపెట్టేలా ఉంది మరి.

అయితే నేను లొంగిపోయాననుకుంటున్నావా? నాదీ అదే రక్తం. ఇంటికొచ్చి, వాచీ చేతికుంచుకునే మళ్ళీ గోడవైపు పడుకున్నాను. రెండ్రోజులైంది. అక్క షాపు నుంచి వచ్చి, "టైమెంతరా?" అంది. చూస్తే పొద్దుటి టైము చూపిస్తోంది. ఆగిపోయింది! కదలని చేతికి అది తిరగదు కదా. "సరిచేసి పెట్టు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒంటిచేత్తో ఆ టైము పెట్టడం ఎంత కష్టమో చెప్తే నవ్వుతావు. బల్లమీద పెట్టి ఈ మొండిచేత్తో అదిమిపట్టి, గోటితో టైము మార్చే ఆ కీ లాగాలి. లాగితే వాచీ జారిపోయేది. పట్టు దొరికి తిప్పితే వాచీయే తిరిగేది. అరగంట పట్టింది, బూతులు తిట్టాను, అక్కనీ ఆ షాపునీ ఆ మొసలినీ కూడా. మళ్ళీ ఈ తిప్పలు పడకూడదంటే దాన్ని ఆగనివ్వకూడదు. ఆగనివ్వకూడదంటే తిరగాలి. ఆ కోపంతో బయల్దేరాను. వీధి చివరిదాకా, తర్వాత రోడ్డుదాకా, తర్వాత కాలువ వంతెన దాకా. జనం చూస్తే చూడనీ అని నడిచాను. ఆరోగ్యం కోసం కాదు, ధైర్యం వచ్చీ కాదు, ఆవిడ "టైమెంతరా" అంటే ఠక్కున చెప్పాలని, అంతే. ఒక నెల అలా నడిచాక ఒకరోజు కాళ్ళు ప్రెస్సు ముందు ఆగాయి. లోపలికెళ్ళాను. ఓనరు లేచి నిలబడ్డాడు. "ఏమైనా సాయం కావాలా?" అన్నాడు. "పని కావాలి" అన్నాను. "ఒంటిచేత్తో ఇక్కడేం చేస్తావయ్యా?" అన్నాడు. "ప్రూఫులు దిద్దడానికి రెండు చేతులెందుకు? నా చెయ్యి మీ దగ్గరే పోయింది. మిగిలిన నేను కూడా ఇక్కడే పనిచేస్తాను" అన్నాను. ఇరవై ఆరేళ్ళు చేశాను. నేను దిద్దిన పేజీలో తప్పు దొరికితే ఇప్పుడు తీసుకురా, చూద్దాం.

అక్క పోయినప్పుడు అందరూ వచ్చారు. రెండు గదులూ నిండిపోయాయి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి అదే మాట. "త్యాగమూర్తి." "కొవ్వొత్తిలా కరిగిపోయింది." మీ తాత కూడా కళ్ళు తుడుచుకుంటూ "తమ్ముడి కోసం తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు" అన్నాడు. నేను లేచి "అబద్ధం" అన్నాను. అందరూ నన్నే చూశారు. "అక్క ఎవరికోసమూ కరగలేదు. మీరెవ్వరూ ఆవిణ్ణి సరిగా చూళ్ళేదు" అన్నాను. మీ తాత నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు, కృతజ్ఞత లేనివాణ్ణని. మాట్లాడకపోతే మానె. ఆ రోజు వాచీ కొని ఇంటికెళ్తుంటే బస్సులో అక్క పక్కన కూర్చున్నది నేను, వాళ్ళు కాదు. కిటికీ పక్క సీటు పట్టుకుంది. సేల్స్‌మన్‌లా గొంతు సన్నం చేసి, "అమ్మా, అది మొసలితోలు!" అంటుంది, పడీపడీ నవ్వుతుంది. మళ్ళీ ఓనరులాగా పొట్ట ముందుకు పెట్టి, "ఎందుకింత శ్రమ?" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. కండక్టరు వచ్చి, "ఏంటమ్మా, మాకూ చెప్తే మేమూ నవ్వుతాంగా" అన్నాడు. "పదకొండేళ్ళ నుంచి ఆ షాపు ముందునుంచే నడుస్తున్నానయ్యా, ఇవాళ లోపలికెళ్ళాను" అంది. నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను, గాడిదలాగా. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు చూళ్ళేదు, ఆ తర్వాత కూడా ఎక్కడా చూళ్ళేదు. దాన్ని పట్టుకుని త్యాగమట, త్యాగం...

ఏదో వాసనొస్తోంది. పాలు పొంగాయేమో, పరిగెత్తు.