గుమ్మంలో వదిన, బకెట్ నీళ్లు

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, నా గొంతు ఆ మూలదాకా రాదు. ఈ గదిలో ఇంతమంది కూర్చుని ఎన్నాళ్లయిందో! అంతా దేవుడి దయ. ఎవరి గురించి అడిగారూ, మా వదిన గురించా? చెప్తాను. ఆవిడ మాటెత్తేవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. రాతిపొడి మిల్లు రాకముందు మా వీధిలో ఏటా ఏదో ఒకింట్లో పసిబిడ్డ విరేచనాలతో పోయేది. మిల్లొచ్చింది, జీతాలొచ్చాయి, కుళాయిలొచ్చాయి, డాక్టరొచ్చాడు. ఆ చావులు ఆగాయి. అబద్ధమెందుకాడాలి, పైవాడు చూస్తుంటాడు. కానీ మగాళ్లకో పిచ్చి పట్టింది. ఒంటినిండా తెల్లపొడితోనే వీధంతా నడిచి ఇంటికొచ్చేవాళ్లు. దులిపేస్తే మిల్లు ఉద్యోగమని ఎవరికి తెలుస్తుంది మరి! పెళ్లిచూపులకీ ఆ చొక్కాతోనే వెళ్లిన మహానుభావులున్నారు. నవ్వకండి, ఆ పొడి చూసి పిల్ల తండ్రి మురిసిపోయేవాడు. పిల్లలేమో పరుగెత్తుకెళ్లి నాన్నని వాటేసుకునేవాళ్లు. దగ్గేవాళ్లు. "జీతం దగ్గులే" అనేవాళ్లు అందరూ.

ఓ సాయంత్రం మా అన్నయ్య కూతురు ఊపిరందక నీలమైపోయింది. డాక్టరు ఎలాగో గట్టెక్కించి, పిల్ల దగ్గరికి ఆ దుమ్ము రానివ్వొద్దన్నాడు. మర్నాడు వదిన గుమ్మానికడ్డంగా బకెట్ పెట్టుకుని నిలబడింది. "చొక్కా విప్పి, తల కడుక్కుని లోపలికి రండి." "నడివీధిలోనా? పరువు తీస్తావా?" అని అన్నయ్య చిందులు. "ఆ పరువుతోనే వెళ్లి మిల్లులో పడుకోండి. నా బిడ్డకి ఊపిరి కావాలి." వీధంతా విరగబడి నవ్వింది. పక్కింటి పిన్నిగారైతే "మొగుణ్ణి గేదెలా కడుగుతోందర్రోయ్!" అని అరిచింది. "గేదె ఇంత గొడవ చెయ్యదు పిన్నిగారూ" అని ఈవిడ! నెల తిరక్కుండా ఆ పిన్నిగారే బకెట్ పట్టుకుని నిలబడింది, మొగుడి కోసం.

పిల్ల దక్కిందమ్మా. దక్కింది, పెరిగింది, తనకీ పిల్లలు పుట్టారు. వదినే... రోజూ ఆ చొక్కాలు దులిపి ఉతికిందెవరు? మేమంతా పిల్లనే చూశాం గానీ ఆవిడ దగ్గు ఎవరికి వినబడింది? పోయేనాటికి తల కూడా నెరవలేదు. ఆ తర్వాత అన్నయ్య పని నుంచి వచ్చి, అడ్డుకునే మనిషి లేకపోయినా, గుమ్మం బయటే చొక్కా విప్పి నిలబడేవాడు. లోపలికి పిలిచినా వచ్చేవాడు కాదు. నేను వెళ్లి నీళ్లు పోసేవాణ్ణి. ఇప్పుడు ఆయనా లేడు.

మీరూ దుమ్ము రేగే పనుల్లో చేరారు, నాలుగు డబ్బులు చూస్తున్నారు, సంతోషం. ఆవిడ చేసిన ఆ పని మాత్రం మరిచిపోకండి. బయటే కడుక్కుని బిడ్డ దగ్గరికి వెళ్లండి. ఆ చొక్కా మాత్రం దులపకండి, మీ చేత్తో మీరే నీళ్లలో ముంచండి. ఇంట్లో ఆడమనిషి చేతికివ్వకండి. ఇంకో నలుగురికీ చెప్పండి.