గార్జియస్ మేడమ్

"మళ్ళీ ఆ పట్టుచీరేనా అమ్మా? నాన్న మతిమరుపుతో ఆటలేమిటి?"

తల్లి అద్దం ముందు కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. "ఆటలు కాదే. నేను మీ ఆవిడనని చెబితే, కాదు, మా ఆవిడేదీ అని ఇల్లంతా వెతికి ఏడుస్తున్నారు."

"అందుకని ఫోటో దిగడానికొచ్చినదానిలా కూర్చుంటావా? నాన్న స్టూడియో మూసేసి ఎన్నేళ్ళయింది!"

"ఆయనకింకా మూతపడలేదుగా. ఉత్త చేతులే కెమెరాలా పట్టుకుని, 'గార్జియస్ మేడమ్! లవ్లీ స్మైల్! కాస్త గడ్డం దించండి' అంటారు. అప్పట్లో ఆ మాటలన్నీ ఊరందరికీ పంచిపెట్టి, ఇంటికి ఒట్టి చేతులతో వచ్చేవారు."

"నీకూ ఒక మాట అనమని అడగలేదా ఎప్పుడూ?"

"ఒకసారి అడిగాను. అవి బేరాల కోసం అనే మాటలే, నీకెందుకూ అన్నారు."

కూతురి గొంతు తగ్గింది. "ఇప్పుడు మాత్రం ఆ మాటలు నీకా అమ్మా? ఎవరో మేడమ్‌కి."

"తెలుసే. ఆవిడంటే నాకు కొంచెం కుళ్ళుగానే ఉంది."

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకూ కోడలూ కూతురూ కూర్చున్నాక, గ్లాసుల్లో నీళ్ళు పోస్తూ ఆమె మెల్లగా అంది.

"రేపట్నుంచి ఆయన ముందు నన్నెవరూ అమ్మా, అత్తయ్యా అని పిలవకండి. మేడమ్ అనండి."