గుమ్మడికాయలో సాయంత్రం

అబద్ధమంటే అక్కకు ఒళ్లుమంట. బతుకంతా బట్టలు కుట్టిన మనిషి. ఒక్క పోగు వంకర పోయినా కుట్టు మొత్తం విప్పి మళ్లీ కుట్టేది. అలాంటి ఆవిడకు దొరికిన తమ్ముడు మాత్రం నోరు తెరిస్తే కోతలే. వీధివాళ్లు అతన్ని బడాయి అనే పిలుస్తారు. ఆ పేరుకు సిగ్గుపడకుండా పలుకుతాడు కూడా.

ఆకులు రాలే కాలంలో అక్కకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గాని, పోతూ పోతూ నాలుక మీది రుచిని వెంట తీసుకుపోయింది. ఏం తిన్నా ఊక నమిలినట్టే. రెండు ముద్దలకే కంచం పక్కకు నెట్టేస్తోంది. తను కుట్టుకున్న జాకెట్టే తన భుజాల మీద నిలవడం లేదు. తమ్ముడు అది చూశాడు. ఏమీ అనకుండా బజారుకు వెళ్లి గుమ్మడికాయ తెచ్చాడు. అక్క మాంసమే కాదు, పాలూ నెయ్యీ కూడా ముట్టదు.

ఆ సాయంత్రం కూరిన కాయ పక్కింటి బేకరీ పొయ్యిలో మగ్గుతోంది. అరుగు మీద అక్క శాలువా కప్పుకుని కూర్చుంది. బేకరీ అబ్బాయి, గడియారాలు బాగుచేసే తాత చెరో పక్కన చేరారు. బడాయి గొంతు సవరించుకున్నాడు.

"ఇదో కాయా! కలపమిల్లు క్యాంటీన్లో ఓసారి వండా, నలుగురికే. మూత కోసి, గింజలు తీసి, ఉడికించిన బార్లీ, వేయించిన ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, అక్రోటు పప్పులు కూరి పెట్టా, అంతే. కూర్చున్నది నలుగురు, వాసనకు లేచొచ్చింది మిల్లంతా. ఏం చెయ్యను, ఇంకో కాయ తెమ్మన్నా. అదెంతుందో తెలుసా?"

"ఎంతుందిరా, బండి చక్రమంతా?" అన్నాడు తాత.

"చక్రమా! బండే దాని నీడలో ఆగింది. గింజలు తియ్యడానికి నిచ్చెన వేసుకుని లోపలికి దిగా. లోపలంతా పసుప్పచ్చటి వెలుగు తాతా, దీపం లేదు, కిటికీ లేదు, గోడల్లోంచే వస్తోంది. నడుస్తుంటే మన అడుగు మనకే వినపడదు. బార్లీ బస్తాలు మోసుకొచ్చినవాళ్లు బస్తా దించి, ఆ వెచ్చదనానికి అక్కడే కూర్చుండిపోయారు. ఒక్కడైనా పైకి వస్తేనా!"

"అంత కాయ నెయ్యి లేకుండా మగ్గిందా బాబాయ్? అసలు ఏ పొయ్యిలో పట్టింది?"

"పొయ్యెందుకురా అబ్బాయ్? దిగిపోతున్న సూర్యుణ్ణి కాస్త ఆగమన్నా. పాపం మంచివాడు, కొండ అంచున కూర్చుని నెమ్మదిగా కాల్చిపెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసనకు రాలిన ఆకులన్నీ నేల మీంచి లేచి, ఏ కొమ్మది ఆ కొమ్మను వెతుక్కుంటూ వెళ్లి అతుక్కున్నాయి. చప్పుడే లేదు."

ఇంకో రోజైతే అక్క ఆ మాటను అక్కడే తుంచేసేది. ఇవాళ కళ్లు మూసుకుంది. అబద్ధమని తెలుసు. అయినా తన పాదాల కింద మెత్తటి పసుపు నేల ఉంది, కాళ్లకు వెచ్చగా తగులుతోంది. ఛీ, ఈ వయసులో నాకిదేం బుద్ధి, అని తనను తాను తిట్టుకుంది. కళ్లు మాత్రం తెరవలేదు.

"తిన్నవాళ్లకు పోయినవన్నీ తిరిగొచ్చాయి. చెవిటివాడికి వినపడింది. బోసినోటి ముసలాయనకు పళ్లొచ్చాయి. నాలుక చచ్చినవాళ్లకు..."

అతను ఆగిపోయాడు. అక్క వైపు చూడలేదు.

బేకరీ అబ్బాయి లేచి వెళ్లి కాయ తెచ్చాడు. తాత మొదటి ముద్ద పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుపోయి, అంతలోనే సర్దుకుంది. "అమృతంరా," అన్నాడు. "అద్భుతం బాబాయ్," అని అబ్బాయి చెంబెడు నీళ్లు గటగటా తాగాడు.

బడాయి కూడా నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. బార్లీ ఉడికేటప్పుడు ఉప్పు వేశాడు. తర్వాత వీధిలో ఉల్లిపాయలు అమ్మొచ్చినవాడికి తన గొప్పలు చెబుతూ చెబుతూ, కూరేటప్పుడు మళ్లీ వేశాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడకెలాగూ తెలియదు కదా. బడాయి అక్క కంచంలోనూ వడ్డించాడు.

అక్క ఒక ముద్ద తీసుకుంది. నమిలింది. కళ్లు తెరిచింది.

"ఓరి కోతలరాయుడా! ఇది కూరా, సముద్రమా? ఉప్పు రెండుసార్లు తగలేశావు!"

"అమ్మాయ్," అన్నాడు తాత మెల్లగా, "ఏమన్నావు?"

"ఉప్పు! ఉప్పు కషాయం! ఇంత పెద్దవాళ్లు, దీన్ని మింగి అమృతమంటారా? సిగ్గులేదూ?"

బడాయి నోరు తెరిచాడు. ఒక్క కోతా రాలేదు. కాయ ఆవిరి తగిలినట్టు మొహం పక్కకు తిప్పి, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

అక్క కంచం ముందుకు జరిపింది. "అలా చూస్తావేం? తొక్క పక్కనున్న ముక్క పెట్టు. అక్కడికి ఉప్పు పాకి ఉండదు, తియ్యగా ఉంటుంది."